అలకపాన్పు మీద అడిగిన పాస్‌వర్డ్

మార్టూరులో ఉత్త యలమందయ్య అంటే ఎవరూ గుర్తుపట్టరు. ఫోటోల యలమందయ్య అనండి, వీధి చివరిదాకా వచ్చి ఇల్లు చూపించి మరీ వెళ్తారు. ఒకప్పుడు ఆ చుట్టుపక్కల ఊళ్లలో ఆయన కెమెరా లేకుండా తాళి కట్టిన పెళ్లికొడుకు లేడు. సెల్‌ఫోన్లు వచ్చి ఆ వైభవమంతా ఊడ్చిపెట్టేశాయి. ఆయన స్టూడియో బోర్డు దించేసి, కంప్యూటర్ని ఇంటికి మోసుకొచ్చి ముందు గదిలో పెట్టుకున్నాడు. రాళ్ల పాలిషింగ్ యూనిట్ల పొడి దాని మీద పడకుండా భార్య శివపార్వతి తన పాత చీర కప్పి ఉంచేది.

ఆ తర్వాత ఆయనకు దొరికిన పనల్లా చచ్చిపోయినవాళ్ల ఫోటోలే. ఏ పెళ్లి గ్రూపు ఫోటోలోంచో మనిషిని విడదీసి, చొక్కా సరిచేసి, దండ వెయ్యడానికి పెద్దది చేసివ్వడం. 'పెళ్లిళ్లు తీసిన చేత్తో పెద్దకర్మల ఫోటోలు చేసుకు బతుకుతున్నాను, థూ!' అని విసుక్కునేవాడు. కానీ పాత వీడియోల్లో ఒక్కటి కూడా చెరపలేదు. అదొక్కటే ఆయనకు మిగిలిన గర్వం.

ఆ కంప్యూటర్లో ఇలియాస్ ఉన్నాడు. పర్చూరు మదార్‌బీకి ఒక్కగానొక్క కొడుకు. చీమకుర్తి క్వారీలో రాయి మీద పడి పోయాడు. ఇంటింటికీ ఫోన్లో వీడియోలు తీసుకునే రోజులు కావవి. అంతకుముందు ఏడాది వాళ్ల అక్క పెళ్లి యలమందయ్యే తీశాడు. అందులో ఇలియాస్ బిర్యానీ వడ్డిస్తూ వడ్డిస్తూ కెమెరా ముందుకొచ్చి, 'అమ్మా, ఇటు చూడవే, ఒక్కసారి నవ్వవే!' అంటాడు. ఆ పిల్లాడి గొంతు ఈ లోకంలో మిగిలింది అంతవరకే. క్యాసెట్‌కి బూజు పడుతుంటే యలమందయ్య దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించి, పాడైపోయిన క్యాసెట్ పారేశాడు.

ఏటా కొడుకు పోయిన రోజున మదార్‌బీ ఆటో ఎక్కి వచ్చేది. ఆయన వీడియో పెట్టి వరండాలోకి వెళ్లిపోయేవాడు. పక్కన మనిషి ఉంటే ఆవిడ ఏడవలేకపోయేది మరి. ఒక ఏడు ఉండబట్టలేక అడిగాడు.

"పెన్‌డ్రైవులో వేసిస్తానక్కా, ఇంట్లోనే చూసుకుందువుగాని."

"నాకెందుకు తమ్ముడూ అవన్నీ? అల్లుడి ఇంట్లో ఉంటున్నదాన్ని, ఎక్కడ దాచుకోను? నీ దగ్గరే తాళం వేసి పెట్టు. ఏడాదికోసారి వచ్చి చూసిపోతాను."

తాళం వేసింది యలమందయ్య కూతురు హారిక. ఒంగోలు కాలేజీలో కంప్యూటర్లు చదివిన పిల్ల. సెలవులకొచ్చి చూస్తే తండ్రి, తల్లి, పక్కింటివాళ్లు అందరూ ఒకే అకౌంట్లో కూర్చుని ఇష్టమొచ్చింది నొక్కుతున్నారు. పిల్ల నెత్తి కొట్టుకుని, రెండు అకౌంట్లు చేసింది. పెద్దదానికి సర్వాధికారాలూ ఉంటాయి, దానికొక పాస్‌వర్డ్. చిన్నదాంట్లో పని చేసుకోవచ్చు, పాత వీడియోలు చూసుకోవచ్చు, అంతే. వాటిని మార్చడం, చెరపడం, కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించడం కుదరవు.

"నువ్వు కూడా రోజూ చిన్నదాంట్లోనే కూర్చో నాన్నా."

"ఏమ్మా, నా ఇంట్లో నేనే కౌలుదార్నా?" యలమందయ్యకు రోషం పొడుచుకొచ్చింది.

"నువ్వు పెద్దదాంట్లో ఉండగా ఏదైనా పాడుది వస్తే, దానికీ నీ అధికారమే వస్తుంది. చిన్నదాంట్లో ఉంటే గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. ఆగి పాస్‌వర్డ్ అడుగుతుంది. అప్పుడు ఇవ్వకు, అంతే."

కొన్నాళ్లు సణిగాడు. తర్వాత ఒకరోజు ఎవరో పంపిన పెళ్లికార్డు నొక్కితే నిజంగానే తెర మీద పాస్‌వర్డ్ అడిగింది. పెళ్లికార్డుకి పాస్‌వర్డ్ ఎందుకురా అని ఆయన దాన్ని మూసేశాడు. అదే సమయంలో అదే కార్డు నొక్కిన బాపట్ల ఫోటోగ్రాఫర్‌కి ఫోటోలన్నీ పోయి కొంప మునిగింది. ఆ సంగతి తెలిశాక కూతుర్ని వీధిలో అందరికీ పొగిడి పొగిడి చంపాడు.

అసలు ముప్పు ఆ హారిక పెళ్లిలోనే వచ్చింది. అల్లుడు చైతన్యకృష్ణ బంగారం లాంటి పిల్లాడు. ఈ మాట కోపంలో కూడా ఎవరూ కాదనరు. పెళ్లికి ముందు శుభలేఖ వీడియో తానే చేస్తానని ముందు గదిలో కూర్చున్నాడు. ఏదో ఎక్కించబోతే పాస్‌వర్డ్ అడిగింది. యలమందయ్య నీళ్లు నమిలి, హారికనడిగి చెబుతానని దాటవేశాడు. పిల్లాడు నవ్వి ఊరుకున్నాడు గానీ ఆ మాట మనసులో పెట్టుకున్నాడు.

పెళ్లయ్యాక అలకపాన్పు ఎక్కించారు. కొత్త అల్లుడు పరుపు మీద అటు తిరిగి పడుకుని అలిగితే, మామ వచ్చి ఏం కావాలో అడిగి తీర్చాలి. నలుగురిలో అడిగింది నలుగురిలో ఇవ్వాలి. బండి అడుగుతాడా, ఉంగరం అడుగుతాడా అని అత్తలూ పిన్నులూ చుట్టూ మూగారు.

"ఏం కావాలి అల్లుడుగారూ?"

"మీ కంప్యూటర్లో నన్ను చిన్న అకౌంట్లో కూర్చోబెట్టారు మావయ్యగారూ. పెద్దదాని పాస్‌వర్డ్ ఇవ్వండి, లేస్తాను."

ఇల్లు ఎగిరిపోయేట్టు నవ్వారు. "ఓరి నీ అమాయకత్వం చల్లగుండా! ఇదేం కోరికయ్యా?" అని మేనత్త బుగ్గలు పుణికింది. మామ మీద బరువు పడకూడదనే ఆ పిల్లాడు అలా అడిగాడని అందరికీ అర్థమైంది. యలమందయ్యకు కళ్లు చెమర్చాయి. వంగి అల్లుడి చెవిలో పాస్‌వర్డ్ చెప్పాడు.

తెలిశాక హారిక ఒప్పుకోలేదు.

"మార్చేద్దాం నాన్నా. ఆయనకి నేను చెప్పుకుంటాను."

"పాన్పు మీద ఇచ్చింది వెనక్కి తీసుకుంటామా? వాళ్లవాళ్లకి తెలిస్తే నా మొహం ఎక్కడ పెట్టుకోను? నోరు మూసుకో."

కూతురు నోరు మూసుకుంది. అదే ఆ ఇంటి మర్యాద, తగలెయ్య!

మిరపకాయలు కల్లాల్లో ఆరుతున్న రోజుల్లో ఒక ఆదివారం చైతన్యకృష్ణ ఒక్కడే వచ్చాడు. వాడిపోయిన పాత ఫోటోలను కొత్తవాటిలా చేసే సాఫ్ట్‌వేర్ ఏదో స్నేహితుల గ్రూపులో ఉచితంగా దొరికిందట. మావయ్యగారికి కళ్లు నొప్పెట్టే పని తగ్గుతుందని అతని ఆశ. ఎక్కించబోతే కంప్యూటర్ ఇది ప్రమాదమని హెచ్చరించింది.

"ఏదో అంటోంది బాబూ."

"అన్నిటికీ అలాగే అంటుంది మావయ్యగారూ, పట్టించుకోకండి." పాస్‌వర్డ్ టకటకా కొట్టేశాడు.

భోజనాలు చేసి వచ్చేసరికి ఒక్క ఫోటో తెరుచుకోలేదు. పేర్ల చివర ఏవో పిచ్చి అక్షరాలు. తెర మధ్యలో డబ్బు కడితేనే తెరుస్తామని ఇంగ్లీషులో బెదిరింపు. ఇంకో కాపీ ఉన్న డిస్కు కూడా ఎప్పుడూ దానికే తగిలించి ఉండేది, అదీ పోయింది. యలమందయ్య గుంటూరులో ఇద్దరికి చూపించాడు. ఇద్దరూ పెదవి విరిచి, డబ్బు కట్టినా తిరిగిరావని తేల్చేశారు.

హారిక పరుగున వచ్చి మొగుడి మీద విరుచుకుపడబోయింది. యలమందయ్య అడ్డం వెళ్లాడు.

"ఇచ్చింది నేను. ఆయన్ని ఒక్క మాటన్నావంటే నా మీద ఒట్టే."

చైతన్యకృష్ణ పాపం తల దించుకున్నాడు. తర్వాత ధైర్యం తెచ్చుకుని, "పాత వీడియోలే కదా మావయ్యగారూ, ఇప్పుడెవరు చూస్తారు? కొత్త కంప్యూటర్ నేను కొనిపెడతాను" అన్నాడు. యలమందయ్య తలూపాడు. ఆ రోజు నుంచి ఆయనకు అన్నం సహించలేదు. మదార్‌బీ వచ్చే రోజు దగ్గర పడుతోంది. పర్చూరు వెళ్లి ముందే చెబుదామని బస్టాండు దాకా వెళ్లి, బస్సెక్కకుండానే వెనక్కి తిరిగొచ్చాడు.

ఆవిడ వచ్చిన రోజు కూతురూ అల్లుడూ ఇంట్లోనే ఉన్నారు. లోపల అల్లుడికి వడ్డన జరుగుతోంది. మదార్‌బీ ఎప్పటిలాగే చెప్పులు గుమ్మం బయట విడిచి, కుర్చీలో కూర్చుని, కొంగు తల మీదికి లాక్కుంది.

"పెట్టు తమ్ముడూ."

"అక్కా..."

"కరెంటు లేదా?"

"ఉందక్కా. వీడియో పోయింది. మన ఇలియాస్‌ది పోయింది."

"బాగుచేయించు. మళ్లీ శుక్రవారం వస్తాలే, తొందరేముంది?"

"బాగవదక్కా. ఇంక రాదు."

ఆవిడకు అర్థం కావడానికి చాలాసేపు పట్టింది. నల్లగా ఉన్న తెరను చూసింది, ఆయన్ని చూసింది.

"తాళం వేశానన్నావుగా?"

"వేశాను."

"మరి ఎవరు తీశారు?"

లోపల చైతన్యకృష్ణ ఏదో చెబుతుంటే శివపార్వతి నవ్వుతోంది. నిజం చెబితే ఈవిడ ఒక్క శాపం పెట్టినా అది కూతురి కాపురానికి తగులుతుందని యలమందయ్యకు భయం వేసింది.

"నేనే తీశానక్కా."

మదార్‌బీ ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది.

"క్వారీ కాడ వాణ్ని మూటగట్టి ఇచ్చారు. మొహం చూడొద్దన్నారు, చూడలేవమ్మా అన్నారు. అందుకని ఇక్కడికొచ్చి చూసుకునేదాన్ని. ఇప్పుడెక్కడికి పోను?"

ఆవిడ లేచి, గోడ పట్టుకుని మెల్లగా బయటికి నడిచింది. శివపార్వతి మజ్జిగ గ్లాసుతో వచ్చేసరికి వీధి మలుపు తిరిగిపోయింది.

చైతన్యకృష్ణ చెయ్యి తుడుచుకుంటూ ముందు గదిలోకి వచ్చాడు.

"ఎవరు మావయ్యగారూ ఆవిడ? ఏమీ తాగకుండానే వెళ్లిపోయారు."

"ఫోటో కోసం వచ్చింది బాబూ."

"ఇచ్చారా మరి?"

"లేదు. మన దగ్గర లేదని చెప్పాను."