విల్మా కోసం తుడిచిన సీటు

నెబ్రాస్కాలో మా ఊరి చుట్టూ ఉన్న పొలాలకు పాతికేళ్ళపైన టపా పంచాను. పల్లె రూట్లలో మాబోటివాళ్ళు సొంత కారులోనే తిరగాలి. ఉత్తరాల పెట్టెలన్నీ రోడ్డుకు కుడివైపు, స్టీరింగేమో ఎడమవైపు. అందుకని కుడి సీట్లో కూర్చుని, ఎడమ కాలు అవతలికి చాచి బ్రేకు తొక్కుతూ, ఎడమచేత్తో స్టీరింగు తిప్పుతూ, కుడిచేత్తో ఉత్తరాలు వేసుకుంటూ పోతాం. ఎడమ సీటు మీద టపా ట్రేలుంటాయి. దూరంనుంచి చూస్తే కారును ఉత్తరాలే నడుపుతున్నట్టుంటుంది.

ఈ విన్యాసానికి వెడల్పాటి పికప్ ట్రక్కు పనికిరాదు. నా కాళ్ళు పొట్టివి. చవకలో వచ్చే బుల్లి కారే కొనేవాణ్ణి. అది అరిగిపోతే మళ్ళీ అలాంటిదే. ఊళ్ళో మగవాళ్ళందరికీ పికప్ ట్రక్కులే. ధాన్యం గోదాము దగ్గర కాఫీ తాగే లూమీర్ నన్ను చూడగానే అందుకునేవాడు.

"ఒరేయ్ లెన్నీ, ఆ కారు ఎక్కొచ్చావా, తొడుక్కొచ్చావా?"

నేను నవ్వేసి, కారులో కూర్చుని పుస్తకం తెరిచేవాణ్ణి. నాకు జవాబు మర్నాడు మధ్యాహ్నానికి గాని తట్టదు.

నా రూటులో ఆఖరి పెట్టె విల్మాది. భర్త పోయాక ఆ పొలంలో ఒక్కతే ఉండేది. రోజూ పెట్టె దగ్గరికి వచ్చి నిలబడేది. "ఏమయ్యా, ఇవాళా బిల్లులేనా?" అనేది. తర్వాత నేను చదివే పుస్తకం గురించి అడిగేది. దానికోసమే కొన్ని పుస్తకాలు గబగబా పూర్తిచేశాను. మొన్నమొన్నటిదాకా అది సాహిత్యాభిమానం అనుకున్నాను.

ఒక శనివారంతో నా ఉద్యోగం అయిపోతుందనగా బెంగపట్టుకుంది. సోమవారం నుంచి ఆ పెట్టె దగ్గర ఆగడానికి నాకు వంక లేదు. ఆ శనివారం ఆమె చేతికి విత్తనాల కేటలాగు ఇస్తూ ధైర్యం చేశాను.

"రేపు చర్చి హాల్లో బాతు కూర భోజనాలటండీ."

"ఆ ఆహ్వానం కాగితం టపాలో నువ్వేగా తెచ్చిచ్చావు!"

"నా కారులో చోటుంది."

"ఆ కారులోనా!" అని పకపకా నవ్వింది. "సరే, పదకొండింటికి రా."

సాయంత్రం ట్రేలు తీసేశాను. ఎడమ సీట్లో ఏళ్ళనాటి దుమ్ము దులిపి, సబ్బునీళ్ళతో కడిగి, ఉతికిన దుప్పటి పరిచాను. మర్నాడు టై కట్టుకుని వెళ్ళాను. దిగి, చుట్టూ తిరిగి వచ్చి, రాజకుమారుడిలా ఎడమ తలుపు తెరిచి పట్టుకున్నాను.

విల్మా చేతిలో కొలాచీల పళ్ళెం ఉంది, నడుమ పళ్ళ జాము పెట్టిన తియ్యని బన్నులవి. ఆమె స్టీరింగు వంక చూసింది, నా వంక చూసింది.

"నేను నడపాలా?"

అప్పుడుగాని నేను చేసిన ఘనకార్యం నాకు కనబడలేదు. పొరపాటైందంటే అయిపోయేది. నా నోటివెంట వచ్చింది మాత్రం, "మీకు అభ్యంతరం లేకపోతే" అని.

"పిలిచినవాడే తీసుకెళ్తాడనుకున్నానయ్యా!" పళ్ళెం నా చేతిలో పెట్టి ఎక్కింది. "ట్రాక్టరు నడిపినదాన్ని, ఈ కుట్టుమిషనొక లెక్కా!"

దారిలో పెట్టె కనబడినప్పుడల్లా నా కుడిచెయ్యి కిటికీలోంచి బయటికి పోతోంది, ఎడమ కాలు ఆమె కాళ్ళ దగ్గరికి పోతోంది. "నీ పాదం నీ హద్దులో ఉంచుకో" అందొకసారి. ఇంకో పెట్టె దగ్గర కంకర మీద కారు ఆపేసింది.

"నిజం చెప్పు. నన్నెందుకు ఈ సీట్లో కూర్చోబెట్టావు?"

"ఖాళీ అయ్యే సీటు అదేనండీ. తుడిచాను కూడా."

ఆమె దుప్పటిని చేత్తో తడిమింది. "ఇన్నేళ్ళూ ఇక్కడెవరూ కూర్చోలేదా?"

"ఉత్తరాలు."

దుప్పటి అంచు సర్దుకుని కారు తీసింది.

హాలు ముందు లూమీర్ కాచుకునే ఉన్నాడు. "ఏరా లెన్నీ, డ్రైవర్ని పెట్టుకున్నావా?"

"పెట్టుకున్నాడు" అంది విల్మా. "జీతం ఇంకా మాట్లాడుకోలేదు."

లూమీర్ టోపీ తీసి, మాకోసం హాలు తలుపు తెరిచి పట్టుకున్నాడు.

భోజనాలయ్యాక, తిరుగు ప్రయాణంలోనైనా నడిపి పరువు దక్కించుకుందామని ఎడమ తలుపు దగ్గరికి వెళ్ళాను. ఆమె అప్పటికే ఎక్కి అద్దం సరిచేసుకుంటోంది.

"రేపట్నుంచి నీకు టపా లేదుగా. మా పెట్టె దగ్గరికి ఏ వంకతో వస్తావు?"

ఈ ఒక్క జవాబు మాత్రం మర్నాటిదాకా ఆగలేదు. "డ్రైవరు కావాలని వస్తానండీ."

ఇప్పటికీ కారు విల్మాయే నడుపుతుంది. నేను పక్కన పుస్తకం చదువుకుంటాను. పెట్టె కనబడితే నా ఎడమ కాలు హద్దు దాటుతుంది. రోడ్డు మీంచి చూపు తిప్పకుండానే ఆమె దాన్ని తొక్కుతుంది.