ఓటెయ్యనన్న మనిషి ఫైలు

అది 1980. అమెరికాలో మిడ్‌వెస్ట్ ప్రాంతపు చిన్న నగరం. మా రాష్ట్ర సెనేటర్‌గారి స్థానిక ఆఫీసులో నేను కేస్‌వర్కర్‌ని. ప్రభుత్వ ఆఫీసుల్లో పని ఆగిపోయినవాళ్లు మా దగ్గరకు వచ్చేవారు. వాళ్ల తరఫున ఉత్తరాలు రాసి, ఫోన్లు చేసి, పని కదిలేదాకా వెంటపడటమే నా ఉద్యోగం. సెనేటర్‌గారు ఆ ఏడు మళ్లీ పోటీ చేస్తున్నారు. ప్రచారం మాత్రం వేరేచోట, వేరే మనుషులతో జరిగేది. మా గదిలో ఒక్క పోస్టరు కూడా పెట్టకూడదు.

సెప్టెంబరులో వాల్టర్ వచ్చాడు. అరవై దాటిన రైతు, రెండో ప్రపంచ యుద్ధంలో పోరాడినవాడు. తుంటి అరిగిపోయి నాలుగడుగులకోసారి ఆగుతున్నాడు. మాజీ సైనికుల ఆసుపత్రిలో ఆపరేషన్ చేయాలంటే సైన్యంలో పనిచేసినట్టు రికార్డు కావాలి. అది ఎక్కడా దొరకడం లేదు.

అతని కాగితాలు మేం చూడటానికి ప్రైవసీ రిలీజ్ అనే అనుమతి పత్రం ఉంటుంది. దానిమీద సంతకం పెట్టబోతూ ఆగాడు.

“ముందే చెప్తున్నా మేడమ్. మీ సెనేటర్‌కి నేను ఓటెయ్యను. ఈ ఏడు ప్రభుత్వం రష్యాకి ధాన్యం అమ్మడం ఆపేసి మా ధరలు పడిపోయినప్పుడు మా రైతుల కోసం ఆయన నోరెత్తలేదు.”

“మీ ఇష్టమండీ. సంతకం ఇక్కడ పెట్టండి,” అన్నాను.

రికార్డు లేకపోతే తోటి సైనికుడి అఫిడవిట్, అంటే ప్రమాణపూర్వకంగా రాసిచ్చిన పత్రం, పనికొస్తుంది. వాల్టర్‌కి గుర్తున్నవి రెండే పేర్లు. ఒకాయన చనిపోయాడని తేలింది. రెండో ఆయన పేరున్నవాళ్లు నాలుగు రాష్ట్రాల టెలిఫోన్ డైరెక్టరీల్లో కనిపించారు. అందరి నంబర్లూ జాబితా రాసుకునేసరికే అక్టోబరు అయిపోయింది.

నవంబరులో మా సెనేటర్ ఓడిపోయారు.

“నీ జాబ్ సంగతేంటి మరి?” అన్నారు మావారు.

“జనవరిలో ఆఫీస్ క్లోజ్ చేసేస్తారు,” అన్నాను.

రెండు రోజులకి వాల్టర్ ఫోన్ చేశాడు. “నా పని ఇక ఆపేస్తారా?” గొంతులో మునుపటి బింకం లేదు. చేస్తానని చెప్పి పెట్టేశాను. కానీ లోపల ఒళ్లు మండింది. నా ఉద్యోగం ఊడింది ఇలాంటివాళ్ల ఓట్లవల్లే కదా! ఆ ఫైలు తీసి అన్నిటికంటే అడుగున పెట్టాను. వారం రోజులు ముట్టుకోలేదు.

ఒక మధ్యాహ్నం సెనేటర్‌గారు ఆఫీసుకు వచ్చారు. ముఖం పీక్కుపోయి ఉంది. మిగిలిన ఫైళ్లు చూపించమన్నారు. వాల్టర్ ఫైలు దగ్గరకొచ్చేసరికి, “ఇది తర్వాత చూడొచ్చు సర్. ఆయన మనకి ఓటెయ్యలేదు,” అన్నాను.

ఆయన తలెత్తి చూశారు. “నడవగలుగుతున్నాడా?”

“కష్టంగా సర్.”

 నా ఎదుటి కుర్చీలో కూర్చుని, జాబితా ముందు పెట్టుకుని, స్వయంగా డయల్ చేయడం మొదలుపెట్టారు. చాలామంది మేం కాదన్నారు. చివరికి ఒకచోట రిసీవర్‌లోంచి వచ్చిన అరుపు నాక్కూడా వినిపించింది. “వాల్టరా? బతికే ఉన్నాడా!”

అఫిడవిట్ పోస్టులో వచ్చింది. క్రిస్మస్‌కి ముందే ఆసుపత్రి అనుమతి ఇచ్చింది. వాల్టర్‌కి ఫోన్ చేసి, ఆ స్నేహితుణ్ని వెతికిపెట్టింది సెనేటర్‌గారేనని కూడా చెప్పాను. “ఆయనకి నేనే స్వయంగా థాంక్స్ చెప్పాలి. ఒప్పుకుంటారా?” అన్నాడు. ఇద్దరూ మా ఆఫీసులోనే కలిశారు. ధాన్యం గురించి అరగంట గట్టిగా వాదించుకున్నారు కూడా.

ఫైలు అడుగున పడేసిన ఆ వారం సంగతి వాల్టర్‌కి నేను ఎప్పుడూ చెప్పలేదు. తర్వాత మరో ఆఫీసులో చాలా ఏళ్లు ఇదే పని చేశాను. ఎవరి మీదైనా కోపం వస్తే, ఆ రోజు వాళ్ల ఫైలే ముందు తెరిచేదాన్ని.