కుడిచేతి కోసం కాచుకున్న మా అత్త

ఆదివారం పొద్దున పుంగనూరులో పాలు పొంగిపోకుండా పొయ్యి దగ్గర నిలబడి ఉంటే నాన్న ఫోన్ చేశాడు. "మదనపల్లెలో మీ అత్త పోయిందమ్మా. నిద్దట్లోనే" అన్నాడు. నాన్నకు అక్క, నాకు మేనత్త. పొయ్యి ఆపేసి అక్కడే కూలబడి ఏడ్చాను.

మా అత్త డాక్టరు. పసిబిడ్డలకు పక్షవాతం ఎందుకొస్తుంది, వాళ్ల రక్తం గడ్డకట్టకూడని చోట ఎందుకు గడ్డకడుతుంది అన్నదే ఆమె జీవితమంతా చేసిన పరిశోధన. చిన్నపిల్లలకు పక్షవాతమేమిటని మీకు అనిపించవచ్చు. మా ఇంట్లోనూ అట్లాగే అనుకున్నారు.

అప్పటికి నాకింకా ఏడాది నిండలేదట. గిలక్కాయ ఇచ్చినా, బొరుగులు పెట్టినా ఎడమచేత్తోనే అందుకునేదాన్ని. ఆడపిల్లకు ఎడమచేతివాటమైతే ఎట్లాగని మా అవ్వ, నాన్నవాళ్ల అమ్మ, ఆ చేతికి పాత పంచెగుడ్డ చుట్టి కట్టేసింది. బెంగళూరు నుంచి చౌడేపల్లె దగ్గరి మా ఊరికొచ్చిన అత్త అది చూసి గుమ్మంలోనే ఆగిపోయిందట.

"యాల కట్టినావమ్మా?"

"రొడ్డసెయ్యి అలవాటు పోవల్ల గదా!" అంది అవ్వ.

అత్త గుడ్డ విప్పి, గిలక్కాయను నా కుడిపక్కన ఆడించింది. నేను ఒళ్లంతా తిప్పుకుని ఎడమచేతినే చాచాను. కుడి పిడికిలి మూసుకునే ఉంది.

"ఇంత సిన్నబిడ్డకు చేతివాటం ఉండదమ్మా. ఎడంసెయ్యే ముందుకొస్తాండాదంటే, కుడిసెయ్యి రాలేక ఉండాది."

"అయ్యో దేవుడా! పక్షవాతం ముసిలోళ్లకు గదా వచ్చేది!"

"కడుపులో ఉండంగానే గూడా వస్తాదమ్మా."

స్కానింగులో అదే తేలింది. గడ్డకట్టిన రక్తం మెదడులో ఒక రక్తనాళానికి అడ్డుపడిందట. అత్త ఆరోజు రాకపోయుంటే నా కుడిచేయి ఏమైపోయేదో!

కాస్త పెద్దయ్యాక, అత్త మా ఊరొచ్చి ఉన్నన్నాళ్లూ తనే నా ఎడమచేతికి రోజూ కాసేపు మెత్తటి గుడ్డ కట్టేది. అవ్వ ఊరుకుంటుందా? "నేను కడితే తప్పు, డాక్టరమ్మ కడితే వైద్యమా!" అని దెప్పింది.

"నువ్వు ఎడంసెయ్యి మాన్పించను కట్టినావు. నేను కుడిదానికి పని నేర్పించను కడతాండా" అంది అత్త నవ్వుతూ.

పని అంటే చెనక్కాయలే. ఒక్కొక్క కాయ నా కుడిచేతికి అందించి, మళ్లీ తన దోసిట్లో వేయమనేది. పట్టుకోవడం తొందరగానే వచ్చింది. పిడికిలి విప్పడమే వచ్చేది కాదు. ఏడ్చేదాన్ని, అరిచేదాన్ని, ఒకసారి ఆమె జడ కూడా పీకాను. "నేను కాసుకోనుండా లే, రానీ" అనేది. దోసిలి మాత్రం వెనక్కి తీసేది కాదు.

సెలవు దొరికితే ఐసుపెట్టె చంకన పెట్టుకుని కుప్పం వైపు ఊళ్లకు పోయేది, నాలాంటి పిల్లల రక్తం పరీక్షకు తేవడానికి. బస్సులో కండక్టరు "ఐస్‌క్రీమా అమ్మా?" అని అడిగితే "కాదప్పా, రక్తం" అందట. ఆ తర్వాత దిగేదాకా పక్క సీటు ఖాళీయే! ఈ కథ చెప్పినప్పుడల్లా తనే ముందు నవ్వేది.

పాడి ఇంటి పిల్ల కదా, తన పరిశోధన గురించి అడిగితే, "పాలకు తోడేసేది మనం. ఈ బిడ్డల రక్తానికి తోడేసిందెవురో సూడల్ల" అనేది. కొందరు పిల్లల విషయంలో కారణం దొరికింది. "నీది మాత్రం దొరకలేదే. తెలీదని చెప్పేదానికి నాకేం సిగ్గు? ఇంకా ఎతుకుతాండా" అంది మొన్నామధ్య కూడా. రిటైరైనా ఆ వెతుకులాట మానలేదు.

అత్తను మా పొలంలోనే పూడ్చారు. నా వంతు రాగానే కుడిచేత్తో మన్ను తీసుకుని గుంత మీదికి చాచాను. దుఃఖానికి పిడికిలి బిగుసుకుపోయింది. ఎంతకూ విప్పుకోదు. వెనకనుంచి ఎవరో "బిరీన కానీమ్మా, ఎండెక్కుతాండాది" అన్నారు. ఎడమచేత్తో వేళ్లు లాగబోయాను.

కుర్చీలో కూర్చోబెట్టిన అవ్వ చేతికర్ర ఎత్తింది. "ఆ సెయ్యి జోలికి పోవద్దండి ఎవురూ. నా కూతురు కాసుకోనుండాది. రానీ" అంది.

అందరూ ఆగారు. ముందు చిటికెనవేలు కదిలింది. తర్వాత దాని పక్కది. మన్ను కొంచెం కొంచెంగా అత్త మీద రాలింది.