కన్సోర్సియా పగలగొట్టిన ఇరవై రెండు టైల్స్

హారో పేటలో మా వీధివాళ్లు అడ్డుగోడ కావాలంటే కన్సోర్సియానే పిలిచేవారు. యాభై ఎనిమిదేళ్ల మనిషి, ఐదడుగులకు ఒక అంగుళం తక్కువ. ఆమెకున్న గొప్ప ఒక్కటే. ఇరవై ఏళ్లలో ఎవరింట్లోనూ ఒక్క టైలు పగలగొట్టలేదు. ఆ సంగతి అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పేది. చావింట్లో రాత్రి జాగారానికి పేకముక్కలు పంచుతూ కూడా చెప్పేది.

పని మొదలుపెట్టే ముందు నేలమీద మోకాళ్లపై పాకుతూ, ఒక్కో టైలునూ నాణెంతో తట్టి, చెవి ఆనించి వినేది. గుల్లగా మోగినదాని మీద సుద్దతో గుండ్రం చుట్టేది. డాక్టరుగారు గుండె పరీక్షించినప్పుడు కూడా ఇంటివాళ్లు అంత నిశ్శబ్దంగా ఉండరు.

మా ఎదురింట్లో ఇద్దరు అక్కచెల్లెళ్లుండేవారు. పెద్దామె ప్రిమిటివా పూటకూళ్ల మనిషి. ఆమె వండే నూడుల్స్ సూపు కోసం తెల్లవారకముందే జనం చేరేవారు. చిన్నామె సలుద్ పెళ్లిగౌన్లు కుట్టేది. వీధిలోకి రెండు తలుపులున్న ఒకే పెద్ద గదిలో ఇద్దరి వ్యాపారమూ నడిచేది. ఒకసారి చర్చిలో ఒక పెళ్లికొడుకు, పెళ్లికూతురి గౌనులోంచి వెల్లుల్లి వాసన వస్తోందని నవ్వాడట. ఆ మర్నాడే కన్సోర్సియాకు కబురు వెళ్లింది.

గోడ ఎక్కడ రావాలో చూడ్డానికి గది మధ్యలో దారం కట్టారు. అసలు చిక్కు అక్కడే మొదలైంది. ఆ గది మూలలు మట్టానికి లేవు. టైల్స్ వరస వెంబడి పోతే గోడ తిన్నగా వెళ్లి కిటికీ మధ్యలో దిగుతుంది. కిటికీని తప్పిస్తే టైల్స్‌కు అడ్డదిడ్డంగా పోతుంది. పైగా గోడ మందం నాలుగు అంగుళాలు.

"ఆ నాలుగు అంగుళాలు మా చెల్లెలివైపు పెట్టు, ఇందయ్," అంది ప్రిమిటివా. "దానికి సూది పట్టే చోటుంటే చాలు." మా వైపు వయసులో చిన్న ఆడవాళ్లను ఇందయ్ అనీ, పెద్దవాళ్లను నాంగ్ అనీ పిలుస్తాం.

"అక్క కుండ కొంచెం చిన్నది కొనుక్కుంటే సరిపోతుంది," అంది సలుద్.

కన్సోర్సియా చూడనప్పుడల్లా దారం ఒక వేలెడు అటో ఇటో జరుగుతూనే ఉంది. మధ్యాహ్నానికి ఆమెకు విసుగొచ్చింది.

"నాంగ్, ఆ నాలుగు అంగుళాలూ మీవి కావు, ఆమెవీ కావు. నావి. ఇద్దరూ వెళ్లి అన్నం తినండి," అని కిటికీ పక్కగా గోడ గీత గీసేసింది.

ఇనుప చట్రం నిలబెట్టి, పక్కగోడలకూ పైన దూలానికీ బిగించి, రెండువైపులా జిప్సం బోర్డు కొట్టింది. నేలకు మాత్రం ఒక్క మేకూ దింపలేదు. అడుగు పట్టీ కింద అక్కడక్కడ జిగురు చుక్కలు వేసి ఊరుకుంది.

"వీళ్ల గొడవ రెండేళ్లు," అని నాతో గుసగుసగా అంది. "తర్వాత వాళ్లే తీసెయ్యమంటారు. ఒక్కరోజులో ఊడదీస్తా. నేలకి గోరుగీత కూడా ఉండదు, చూస్తూ ఉండు."

రెండేళ్లయ్యాయి, మూడూ అయ్యాయి. అక్కచెల్లెళ్లు తీసెయ్యమనలేదు సరికదా, మునుపెన్నడూ లేనంత సఖ్యంగా ఉన్నారు. గోడకు అటునుంచి ఒకరు, ఇటునుంచి ఒకరు పొద్దస్తమానం కబుర్లే. కన్సోర్సియాకు అదే మింగుడుపడలేదు. అటుగా వెళ్లినప్పుడల్లా గోడవైపు కాస్త కోపంగా చూసేది.

నాలుగో ఏడు ఒక సాయంత్రం ప్రిమిటివా రోజూలాగే బకెట్టు నీళ్లు కుమ్మరించి నేల కడిగింది. ఆ జిడ్డునీళ్లు గోడ కిందనుంచి పాకి, సలుద్ నేలమీద పరిచిన గౌను అంచును తడిపేశాయి.

కన్సోర్సియా వచ్చి బోర్లా పడుకుని చూసింది. బోర్డు అడుగంతా నల్లబడి ఉబ్బింది.

"కింద జిగురు నిండుగా వెయ్యలేదా?" అడిగింది సలుద్.

"చుక్కలు వేశాను."

"ఎందుకలా?"

"తియ్యడానికి సులువని."

"తియ్యమని ఎవరన్నారు?"

కన్సోర్సియా లేవకుండానే చెప్పింది. "మీరిద్దరూ మళ్లీ కలిసిపోతారనుకున్నా."

గోడ అవతలనుంచి ప్రిమిటివా గొంతు వినిపించింది. "మేం విడిపోయిందెప్పుడు, ఇందయ్? మా చెల్లి విడిపోయింది నా వెల్లుల్లినుంచి. అవునుగానీ, రోజూ నీళ్లు పోసే చోట బోర్డు నిలుస్తుందా? నువ్వే చెప్పు."

అబద్ధం చెప్పడం కన్సోర్సియాకు చేతకాదు. "నిలవదు, నాంగ్. సిమెంటు ఇటుకలతో కట్టాలి."

"టైల్స్ మీదే కట్టెయ్యొచ్చుగా?"

"నున్నటి టైలుని సిమెంటు పట్టుకోదు. గోడ కిందున్న టైల్స్ తియ్యాలి."

ఆ మాట తన నోటితో తనే అని, అందరికన్నా ముందు తనే ఉలిక్కిపడింది. రెండు రోజులు నడుం నొప్పి అంది. మూడోరోజు సుత్తి కనిపించలేదంది. సలుద్ తనే సుత్తి కొనుక్కొచ్చింది.

గోడ ఊడదీసి, మొదటి టైలుమీద ఉలి ఆనించి కన్సోర్సియా ఒక దెబ్బ వేసింది. టైలు చెక్కుచెదరలేదు.

"తలుపు తడుతున్నావా?" అంది ప్రిమిటివా. "ఎవరూ తియ్యరు. గట్టిగా కొట్టు."

రెండో దెబ్బకు పగిలింది. కన్సోర్సియా కాసేపు ఆ ముక్కలవైపే చూసింది. తర్వాత ఆగలేదు. మధ్యాహ్నానికి ఇరవై రెండూ తీసేసి, చెమట తుడుచుకుంటూ గడపమీద కూచుంది.

"ఎలా ఉంది?" అని అడిగాను.

"పుచ్చిపోని పన్ను పీకినట్టుంది," అంది. ఆపైన కాస్త నవ్వింది. "అయినా చేతికి హాయిగానే ఉంది. ఎవరితోనూ అనకు."

ఇటుక గోడ మూడురోజుల్లో లేచింది. సిమెంటు గట్టిపడేదాకా వారంపాటు తనే వచ్చి తడుపుతానంది. పొద్దున్నే ఒకవైపు తడిపి ప్రిమిటివా దగ్గర సూపు తాగేది. రెండోవైపు తడిపి సలుద్ ఇచ్చే కాఫీ, రొట్టె తీసుకునేది. పన్నెండో రోజున కూడా బకెట్టుతో వచ్చింది. గోడ ఇంకా దాహంగానే ఉందని చెప్పింది.