వానాకాలం చూడని దొర

ప్రపంచ కప్పు ఖతర్‌కు వచ్చిందంటే అది మా తాత మల్లన్న పెట్టిన భిక్ష. ఆయన లుసైల్ స్టేడియంలో సిమెంటు మోయకపోయి ఉంటే ఆ ఆటగాళ్ళంతా ఇసుకలో గోలీలాడుకుని ఇళ్ళకు పోయేవాళ్ళే. అంతటితో ఆగితే ఆయన మా తాత ఎందుకవుతాడు? కూలీల క్యాంపులో మంచం మీద కూర్చుని, ఎడారిలోంచే మా ఊరిని ఏలాడు.

నవ్వకండి. ఎవరు సర్పంచికి నిలబడాలో, ఎవరి బర్రె ఎవరి చేలో పడిందో, అన్నీ ఫోన్‌లోనే తేల్చేవాడు. క్యాంపులో అందరూ ఎగతాళిగా "దొరా" అని పిలిస్తే, నిజమేననుకుని పలికేవాడు.

దొరకు రెండెకరాల మడి ఉంది. దాన్ని లింగన్నకు కౌలుకిచ్చాడు, ఒక్క షరతు మీద: తన మాట లేనిదే ఒడ్డు మీద, అంటే మడి గట్టు మీద, పార పెట్టకూడదు.

ఆయన సెలవులెప్పుడూ ఎండాకాలంలోనే. అప్పుడైతే పెళ్ళిళ్ళుంటాయి, మామిడిపళ్ళుంటాయి. తన మడి మీద వాన పడగా చూసి ఏళ్ళయింది. అందుకే మడిలో రోడ్డు పక్కనున్న పల్లం ఆయన కంటికి ఇంటి స్థలంలా కనబడింది.

"అన్నా, అది వరద పోయే తొవ్వనే," అని లింగన్న మొత్తుకున్నాడు.

"నాకు నేర్పకు. మొరం పోయించు."

పల్లం పూడేలా ఎర్రటి మొరం మట్టి పడింది, రాతి పునాది లేచింది. దాని ఫోటో చూసుకోనిదే దొరకు నిద్ర పట్టేది కాదు.

2018 ఆగస్టులో ఊళ్ళో ముసురు, ఖతర్‌లో నిప్పులు. మధ్యాహ్నం ఎండకు పని ఆపినప్పుడు ఏసీ షెడ్డులోకి వచ్చి, లాకరులోంచి ఫోన్ తీశాడు మల్లన్న. వరసగా లింగన్న మిస్డ్ కాల్సే. వీడియో కలిపాడు.

"ఏమైందిరా?"

"నీ పునాది అడ్డం పడ్డదన్నా, నీళ్ళు పోతలెవ్వు! వరి నాటంత మునిగింది. పొద్దటి సంది చేస్తున్న, ఎత్తవైతివి."

"కింది ఒడ్డు తెంపు!"

లింగన్న ఫోన్ తిప్పాడు. కింది ఒడ్డు మీద రాములవ్వ కూర్చుని ఉంది, నెత్తిన యూరియా సంచి కప్పుకుని. ఆ ఒడ్డుకు అవతలున్నది ఆమె మడి. నాటు వేసి వారమైనా కాలేదు. ఒడ్డు తెగితే ఒక్క మొక్క మిగలదు.

"మల్లిగా! పార పడాల్నంటే ముందుగాల నా మీద పడాలె. దుబాయ్‌ల కూసొని నా కడుపు మీద గండి కొడ్తవా?"

"దుబాయ్ కాదే అవ్వా, ఖతర్."

"ఏదైతే ఏంది, ఈడైతే లేవు!"

షెడ్డులో ఎవరూ నవ్వలేదు. పక్క ఊరి గజేందర్ భుజం తట్టి, "దొరా, యల్లా, జల్దీ తేల్చు," అన్నాడు.

"ఇంక గింతసేపైతే ఏ ఒడ్డు తెగాల్నో నీళ్ళే చూసుకుంటయన్నా," అన్నాడు లింగన్న. కౌలుదారుడికి ఆ నాటే ఏడాది బువ్వ.

ఇంకో దారి ఉంది. దాన్ని లింగన్న నోటితో అనలేడు, మల్లన్నకు అనాలని లేదు. ఆ పునాదిలో ఎన్ని ఓవర్‌టైములు పూడ్చాడో ఆయనకే తెలుసు. ఇంతలో బొమ్మ ఆగిపోయింది. ఆగిన తెర మీద రాములవ్వ తెరిచిన నోరు అలాగే ఉంది. మల్లన్న ఫోన్‌ను అటూ ఇటూ ఊపాడు, లేచి తలుపు దగ్గరికి ఉరికాడు. బొమ్మ కదిలింది.

"పునాది తెంపు," అన్నాడు మెల్లగా.

"ఏందన్నా? ఇనపడ్తలేదు!"

"నా పునాదికే గండి కొట్టురా, చెవిటోడా!"

పారలు పడ్డాయి. మొదట చిన్న పాయ జారింది. తర్వాత మొరమంతా ఎర్రగా కదిలి, రాళ్ళు ఒక్కొక్కటే పక్కకు ఒరిగాయి. నీళ్ళు తగ్గేదాకా రాములవ్వ ఒడ్డు దిగలేదు. దిగాక ఫోన్ వంకైనా చూడకుండా ఇంటికి పోయింది. మల్లన్న హెల్మెట్ పెట్టుకుని ఎండలోకి నడిచాడు.

ఇదంతా రాసి తాతకు చదివి వినిపించాను. "పరుల కడుపు నిండాలని సొంత పునాది తెంపుకున్న ధర్మాత్ముడు అని చివర్న పెట్టనా తాతా?" అని అడిగాను.

"ధర్మం లేదు, గిర్మం లేదు. అప్పుడు సర్పంచి ఎలక్షన్లు దగ్గరుండె, అవ్వ ఇంట్ల ఐదు ఓట్లున్నయి. గది రాయి, లేకుంటే చింపి అవతల పారెయ్యి."