మామ చేతిల చెప్పులు

ఆరో తరగతిల నేను బడి మానేసిన. బడే నన్ను ఇడిసిపెట్టిందని మా అమ్మ అంటుండె. అసొంటి నేను ఆ ఏడు వానలకు ముందు పంతులునైన. నాకున్న ఒక్క శిష్యుడు మా మేనమామ, నలభై ఐదేండ్ల మనిషి.

మామ పాలమూరు దిక్కుకెల్లి వచ్చి ఇరవై దినాలాయె. అక్కడ బావులల్ల నీళ్ళు లేవు, కూలి లేదు. బొంబాయి కామాఠిపురల మాదొక చాల్ ఖోలి, ఒక్కటే అర్ర. అమ్మ, నేను, నా పెండ్లాం, ఇద్దరు తమ్ముండ్లు, చెల్లె. అండ్ల మామ ఏడోవాడు. ఆయన కాళ్ళు సాపితే నా పెండ్లాం స్టవ్ దిక్కు జరగాలె.

నిజం చెప్పాలంటే, కొత్తగ వచ్చేటోళ్ళను చూసి నవ్వేటోళ్ళల్ల నేనే ముందుండేటోణ్ణి. మా తాత ఈ ఊరి గోడలకు రాళ్ళు మోసిండు, నేను ఈడనే పుట్టిన. అదేదో నేనే బొంబాయిని కట్టినట్టు నాకు గీర. గ్రాంట్ రోడ్ టేషన్ల మూటలతోటి దిగే మనోళ్ళు రోడ్డెట్ల దాటుతరో నడిచి చూపిస్తే చాల్ మొత్తం నవ్వేది.

ఆ ఏడు నవ్వు తగ్గింది. బయటోళ్ళు పోవాలె అని గోడల మీద రాతలు లేసినయి. నలుగురైదుగురు పోరగాండ్లు నోటుబుక్కు పట్టుకొని చాల్ చాల్‌కు తిరుగుతున్నరు, ఎవరెక్కడి నుంచి వచ్చిన్రో రాసుకుంటున్నరు. సర్కారోళ్ళు కాదు. రాసుకొని ఏం చేస్తరో ఎవరికి తెల్వదు. ఎనక గల్లీల ఒక ఇంటోళ్ళ గిన్నెలు మెట్ల మీదికెల్లి కిందికి దొర్లించి, ఖోలికి తాళమేసిన్రు. ఆ గిన్నెల సప్పుడు మా దాంక ఇనిపించింది.

నీళ్ళ నల్లా కాడ ఆడోళ్ళు తెలుగుల కొట్లాడుడు బంద్ చేసిన్రు. మరాఠీల తిట్లు చాలక జల్ది రాజీకొచ్చేటోళ్ళు. మా తమ్ముండ్లకు ఎట్లన్న మరాఠీయే నోటికొస్తది. భయమంత మామ గురించే. ఆయన పేరు నోటుబుక్కులకు ఎక్కితే ఖోలి పోతది.

అందుకని మామకు మరాఠీల మూడు మాటలు నేర్పిన. నేను ఈడోణ్ణే. పుట్టింది ఈడనే. ఇది మా ఇల్లు.

"మీ ఇథలాచ్. జన్మ ఇథేచ్ ఝాలా. హే ఆమ్చం ఘర్." మామ పండ్లు తోముకుంట అనేటోడు, తానం చేసుకుంట అనేటోడు.

"నిద్రల సుత అంటున్నవు మామా," అన్న.

"మరి నిద్రల అడిగితేనో అల్లుడా?"

అమ్మ నవ్వలే. "ఆటలాడకున్రి," అన్నది.

ఆదివారం పొద్దుగాల ఆ నోటుబుక్కోళ్ళు రానే వచ్చిన్రు. మామ బయటికి పోదామని చెప్పులేసుకొని తలుపు ముందు వరండాల నిలబడ్డడు. నోటుబుక్కాయన ఎక్కడోనివని అడిగిండు. మామ గడగడ అప్పజెప్పిండు. మూడు మాటలు, ఒక్క తప్పు లేదు. నాకు గర్వమైంది.

అప్పుడు కిందికి చూసిన. మాట్లాడుకుంటనే మామ చెప్పులిడిసిండు. వంగి వాటిని చేతిల పట్టుకున్నడు. భుజం మీది తువ్వాల తీసి సంకల పెట్టుకున్నడు. వాళ్ళ ఊళ్ళె దొర ముందర అట్లనే నిలబడాలె. వాళ్ళ నాయిన నిలబడ్డడు, ఈయన నిలబడ్డడు. అది నేను మాన్పియ్యలే, నాకు యాదికే రాలే. బొంబాయిల ఎవని కోసం ఎవడు చెప్పులిడుస్తడు? ఇడిస్తే మళ్ళ దొరుకుతయా?

నోటుబుక్కాయన ఆ చెప్పుల దిక్కే చూసిండు. తర్వాత నన్ను చూసిండు. "హా కోణ్?" వీడెవడు?

ఎప్పుడు ఏదో ఒక జోకు నా నాలుక మీదుంటది. ఆ పొద్దు జోకు ఇడిసి ఎనక్కి మర్రి చూసిన. ఎనక అమ్మ చెల్లె చెయ్యి గట్టిగ పట్టుకున్నది. 

"హా ఆమ్చా నాహీ," అన్న. మావోడు కాదు. నీళ్ళు తాగుతనని వచ్చిండు, నాకు ఎరికలేదు అని సుత అన్న.

వాళ్ళు ఏదో రాసుకున్నరు. ఏం రాసిన్రో ఇప్పటికీ తెల్వదు. సాయంత్రానికి ఈడ కనపడొద్దని మామకు చెప్పి పక్క ఖోలికి పోయిన్రు.

ఆమ్చం అంటే మాది అని మామకు నేనే నేర్పిన. మరి ఆమ్చా నాహీ అంటే తెల్వదా? ఆయన చెప్పులు కింద పెట్టి తొడుక్కున్నడు. లోపలికొచ్చి పరుపు చుట్టుకున్నడు.

"అన్నం తిని పో తమ్మీ," అన్నది అమ్మ. ఉండమనలే. అందరం ఇన్నం.

"తింట అక్కా."

తినుకుంట నాతోటన్నడు, "మంచిగనే చెప్పినవు అల్లుడా. నేనొక్కన్ని పోతే మీరు ఆరుగురు మిగుల్తరు." ఎక్కిరించినట్టు లేదు. ఎక్కిరిస్తే నేనేదన్న తిప్పికొడుదును.

ధారావిల వాళ్ళ ఊరోళ్ళున్నరు. నాగ్‌పాడా బస్‌టాపు దాంక నేనే తోలుకపోయిన. మామ ఎప్పటిలెక్కనే, ఊళ్ళె మాట్లాడేటంత గొంతుతోటి తెలుగుల అడుగుతుండె. ఏ బస్సు? ఎంత దూరం? వాన వస్తదా? నేను అన్నిటికి మరాఠీలనే జవాబిచ్చిన, వచ్చేపోయేటోళ్ళకు ఇనపడేటట్టు. రెండడుగులు ముందు నడిచిన.

బస్సెక్కినంక కిటికీలకెల్లి మామ "పైలం అల్లుడా" అని చెయ్యి ఊపిండు. నేను ఊపేముందు ఎనక ముందు చూసిన, ఎవరన్న కనిపెడుతున్నరేమోనని. ఇటు తిరిగేసరికి బస్సు పోతున్నది. ఆయన చెయ్యి ఇంక కిటికీ బయటనే ఉన్నది.