కాలి బొటనవేళ్ళ అర్జీ

రండి, ఆ గడపలోనే నిలబడిపోకండి, చాప మీదికి జరిగి నా పక్కన కూర్చోండి. చెప్పబోయేది మా పేట ఆడవాళ్ళంతా కలిసి సర్కారుకి అర్జీ పెట్టుకున్న సంగతి. అరవై ఏళ్ళు గడిచినా అది నాకే పూర్తిగా బోధపడలేదు, కాబట్టి మధ్యలో తికమకపడితే ఏమీ అనుకోకండి. మొన్న మా మనవరాలు వేటపాలెం నుంచి గుప్పెడు పచ్చి జీడిగింజలు తెచ్చి పెరట్లో నిప్పుల మీద పోసింది. అవి చిటపటమని పేలి, కళ్ళు మండించే ఆ నల్లటి పొగ, ఘాటులోనే ఎక్కడో తీపి దాచుకున్న ఆ పొగ ఇల్లంతా కమ్ముకునేసరికి, నేను మళ్ళీ తొమ్మిదేళ్ళ పిల్లనై మా పేట ఇసుకలో నిలబడ్డాను.

మాది చీరాలకీ వేటపాలేనికీ మధ్య ఇసుకనేల. అప్పటికింకా ప్రకాశం జిల్లా పుట్టలేదు, అంతా గుంటూరు జిల్లానే. మాఘమాసం వస్తే పడమటి ఊళ్ళ కళ్ళాల్లో మిరపపళ్ళు ఎండేవి, గాలి ఇటు తిరిగిందంటే ఆ ఘాటుకి ఊరంతా తుమ్మేది. మగవాళ్ళంతా ఆ కళ్ళాల కాపలాలకీ బండి తోలకాలకీ పోయి నెలల తరబడి వచ్చేవాళ్ళు కాదు. ఎండలు ముదిరితే జీడిమామిడి తోటల్లో ఎర్రవీ పసుపువీ పళ్ళు రాలి ఇసుకకి అంటుకునేవి. వాటిని ఉప్పద్దుకుని కొరికితే నాలుక బిరుసెక్కి మాట తిరిగేది కాదు, ఆ ముద్దమాటలతోనే ఒకరినొకరు వెక్కిరించుకుంటూ గింజల్ని గుంటలోకి విసిరి ఆడుకునేవాళ్ళం. ఆడవాళ్ళందరికీ జీడిగింజల కంపెనీలోనే పని. తాటాకు పాకలో వరసగా కూర్చుని, చేతులకి బూడిద రాసుకుని, కాల్చిన గింజని కొయ్యసుత్తితో టక్కున కొట్టి పప్పు విడదీసేవాళ్ళు. ఎంత బూడిద రాసినా గింజ పెంకులోంచి కారే జీడి చర్మాన్ని తినేది. మా అమ్మ అన్నం కలిపి ముద్ద పెడితే ఆ నల్లటి వేళ్ళు చూసి నేను మొహం తిప్పుకునేదాన్ని. ఆ పాపం ఇప్పటికీ నన్ను పొడుస్తూనే ఉంటుంది.

మాకు రూతమ్మ పంతులమ్మ ఉండేది. సన్నగా, తెల్లచీరలో, ఎప్పుడూ చంకలో ఓ గొడుగుతో. ఆడపిల్లలం కూడా పగలంతా కంపెనీలో పప్పు మీద పొట్టు తీయడానికి పోయేవాళ్ళమని తెలిసి, ఆమె బడిని పొద్దువాలాక పెట్టేది. బడి పాక ముందర వేళ్ళతో ఇసుకలో అక్షరాలు దిద్దించి, కంటికి అక్షరం ఆనేదాకా చదివించి, పోయేటప్పుడు గుప్పెడు వేయించిన శనగలు పెట్టేది. రిజిస్టరులో మాత్రం పది నుంచి నాలుగు అని ఉండేదట. అది మాకేం తెలుసు?

ఒకనాడు పంచాయతీ సమితి ఆఫీసు నుంచి ఎవరో మిట్టమధ్యాహ్నం వచ్చి చూస్తే, బడిలో ముక్కు చీదుకునే పసివాళ్ళు నలుగురున్నారు. పిల్లల్లేని బడి ఎందుకు, ఎత్తేద్దామన్నారు. ఆ మాట వినగానే కంపెనీలో సుత్తుల చప్పుడు ఆగిపోయింది. మా అమ్మ సుత్తి కింద పెట్టి అంది: "నా చేతులెట్టాగూ పోయినియ్యి. నా పిల్ల చేతులు కూడా పోవాల్సిందేనా? పంతులమ్మని పోనిచ్చేది లేదు, అర్జీ పెడదాం పదండే."

అర్జీలు రాసేది మస్తాను సాయిబు. నెరిసిన గడ్డం, చెవిమీద కలం, రాసేముందు కాగితాన్ని బిడ్డని జోకొట్టినట్టు తట్టే అలవాటు. వేపచెట్టు కింద ఆయన రాసి, నాలుగో క్లాసు పిల్లనని నాచేతనే చదివించాడు. 'ఘనత వహించిన అధికారివారి దివ్యసముఖమునకు, మిక్కిలి విధేయులైన బీదరాండ్రు సవినయముగా విన్నవించుకొనునది...' నేను కూడబలుక్కుంటూ చదువుతుంటే అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

"ఇందులో మనమెక్కడున్నామే?" అంది మా నాయనమ్మ.

"మిక్కిలి విధేయులు మీరేనమ్మా," అన్నాడు సాయిబు.

"నేనా! మా ఆయనే ఒప్పుకోడు," అందామె. అందరూ పగలబడి నవ్వారు.

అర్థమైనా కాకపోయినా పదకొండు మంది వరసగా వేలిముద్రలు వేశారు. పదిహేను రోజులకి ఆ కాగితం అలాగే తిరిగొచ్చింది. అంచున ఎర్రసిరాతో రాసినదాన్ని నేను రెండుసార్లు చదివాను: 'వేలిముద్రలు లేవు. సిరా మరకలు పంపరాదు.' మళ్ళీ చదవమన్నారు. మళ్ళీ చదివినా అదే ఉంది. వేశాం కదా, లేవంటాడేమిటి? అప్పుడు మా అమ్మ తన బొటనవేలిని ఎండకి పెట్టి చూసుకుంది. చింతగింజలా నున్నగా ఉంది. పక్కనామె చూసుకుంది, ఆ పక్కనామె చూసుకుంది. ఎవరి వేలి మీదా గీత లేదు. జీడి ఎన్నడో తినేసింది, ఎవరూ చూసుకోలేదు.

మా నాయనమ్మే ముందుగా తేరుకుంది. "చేతులు తిన్నది గానీ కాళ్ళు తినలేదుగా? కాలి బొటనవేలికి మాత్రం గీతలు గీసింది దేవుడు కాదా?"

"అల్లా! సర్కారు కాగితం మీద కాళ్ళు పెడతారా?" అని సాయిబు చెవులు మూసుకున్నాడు.

"కడుక్కునే పెడతాంలేవయ్యా."

ఆయన కొత్త కాగితం మీద మళ్ళీ రాసి పీట మీద పరిచాడు. ఒక్కొక్కరే కాళ్ళు కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, సిరా పూసిన కాలివేలు కాగితం మీద ఆనించడం, ఆనించగానే తప్పు చేసినట్టు వంగి ఆ కాగితాన్ని చేత్తో తాకి కళ్ళకద్దుకోవడం. గుడికి పోయేవాళ్ళూ అద్దుకున్నారు, చర్చికి పోయేవాళ్ళూ అద్దుకున్నారు. చదువు మీద కాలు పడింది కదా! చివరికి అందరి రెప్పల మీదా ఊదారంగు సిరా. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

నెల తిరక్కుండా కళ్ళద్దాల ఆఫీసరొకాయన సైకిలు మీద కంపెనీ దగ్గర దిగాడు. పొగకి ముక్కుకి గుడ్డ అడ్డం పెట్టుకుని, "ఈ ముద్రలు ఎవరివమ్మా? ఇంత లావు బొటనవేళ్ళు నేనెక్కడా చూళ్ళేదు," అన్నాడు.

"నావేనండయ్యా," అంటూ నాయనమ్మ కాలు చాపింది.

"కాళ్ళతో అర్జీ పెట్టారా!"

"చేతుల్తో పెడితే పంపేశారుగదండీ."

ఆయన ఉలిక్కిపడి మా అమ్మ చెయ్యి చూపించమన్నాడు. వంగి చూశాడు, అద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు. బడి సంగతి అడుగుతాడేమోనని మేం చూస్తుంటే, "సరే" అని ఒక్క మాట అని సైకిలెక్కాడు. 'సరే' అంటే ఏమిటో తెలియక ఆ వారమంతా పేటలో వాదులాటలే.

తర్వాత ఉత్తర్వు వచ్చింది. బడి ఎత్తేయడం లేదు! బెల్లం, జీడిపలుకులు వేసి పొంగలి వండుకుని అరిటాకుల నిండా పెట్టుకుని తిన్నాం. ఆ నోటి తీపి ఆరకముందే రెండో కాగితం వచ్చింది: రూతమ్మ పంతులమ్మని వేరే ఊరికి మార్చారు, ఆమె చోటికి కొత్త మాస్టారు వస్తారు.

మా అమ్మ కొంగు బిగించుకుని సాయిబు దగ్గరికి పరుగెత్తింది. "మేం అడిగింది పంతులమ్మని గదా!"

సాయిబు మొహం పాలిపోయింది. "బడి నిలపాలనే రాశానమ్మా. ఉద్యోగస్తుల పేర్లు రాస్తే అది అర్జీ కాదు, ఫిర్యాదవుద్ది. పైగా ఆయమ్మ బడి పెట్టే వేళ వాళ్ళకి తెలిస్తే ఆమె ఉద్యోగానికే ముప్పు. బడంటే పంతులమ్మే గదా అనుకున్నాను."

మేమూ అలాగే అనుకున్నాం. మరి తప్పు ఎవరిది? అడిగింది ఇచ్చారు. ఇచ్చింది మేమడిగింది కాదు. వెళ్ళేనాడు పంతులమ్మ మా నాయనమ్మ నల్లటి చేతుల్ని పట్టుకుని చాలాసేపు నిలబడిపోయింది.

కొత్త మాస్టారు మంచివాడే. పది కొట్టగానే తలుపు తీసేవాడు, నాలుగు కొట్టగానే వేసేవాడు. ఆ వేళకి నేను కంపెనీలో పొట్టు తీస్తుండేదాన్ని. నా చదువు నాలుగో క్లాసుతో ఆగింది. మరుసటేటికి నేనూ సుత్తి పట్టుకున్నాను.

ఇప్పుడు ఆ తాటాకు పాకలు లేవు, గింజలు కొట్టేది యంత్రాలు. అర్జీ రాసే సాయిబు లేడు, ఆ వేపచెట్టు రోడ్డు కింద పోయింది. బడి మాత్రం పక్కా గోడలతో, ఇనుప గేటుతో ఉంది. నిలపమని మేమడిగాం, నిలిపారు. ఆ దారిన పోయినప్పుడల్లా దణ్ణం పెట్టాలా, మొహం తిప్పుకోవాలా తెలియక ఓ నిమిషం నిలబడి వచ్చేస్తుంటాను.

ఇంతసేపు ఓపికగా విన్నారు. మీ ఇల్లు చల్లగా ఉండాలి, మీ ఆడవాళ్ళ చేతి గీతలు చెరగకుండా ఉండాలి, మీ పిల్లలకి ఏ వేళ తీరిక దొరికితే ఆ వేళకే తలుపు తీసే పంతులమ్మ దొరకాలి.